మూడో పెడల్ మీది చెయ్యి

మా బావ పోయాడన్న కబురు అందేసరికి నేను నాచారంలో మా ఇంటి వాకిట్లో కూర్చుని గడ్డం గీసుకుంటున్నాను. ఒక చెంప అయింది, రెండో చెంప మీద సబ్బు నురగ. ఉప్పల్‌లో బావ వాళ్ళ పక్కింటాయన సైకిల్ తొక్కుకుంటూ వచ్చి, దిగకుండానే ఒక కాలు నేలకానించి, "అన్నా, మీ బావ పొయ్యిండు. పొద్దుగాల అరుగు మీద కూసోని బూట్లు తుడుస్తున్నోడు తుడుస్తున్నట్టే పక్కకు ఒరిగిండు" అన్నాడు. మిగతా చెంప గీసుకోవాలన్న ధ్యాస కూడా లేక, తువ్వాలుతో ముఖం తుడుచుకుని అలాగే బయల్దేరాను. ఆ సగం గడ్డంతోనే బావను సాగనంపాను. బతికుంటే, "ఏందిర బామ్మర్దీ, లెక్క సగంలనే ఇడిసినవ్?" అనేవాడు.

బావ అంటే మా అక్క భర్త. ఉప్పల్‌లో తాతల కాలం నుంచి దున్నుకుని బతికిన ఇంట్లో పుట్టి, లెక్కలు చదివి, ఊరి పక్కనే వెలసిన పరిశోధన ఆఫీసులో పరికరాల సెక్షన్‌లో చేరాడు. భూమి లోపలి కదలికలు కొలిచే ఆఫీసు అది. వాళ్ళ వంశంలో బూట్లు తొడిగిన మొదటి మనిషి ఆయనే. "మా నాయిన కాళ్ళకు మట్టి తప్ప ఏం దొడుగలే" అంటూ రోజూ పొద్దున పాత బనియను ముక్కతో బూట్లను అద్దంలా తుడిచేవాడు. చాయ్ చల్లారినా సరే, రెండో బూటు అయ్యేదాకా ముట్టేవాడు కాదు. అక్క విసుక్కునేది. ఆ బూట్లే ఒకసారి నా కొంప ముంచబోయాయి. అది చెప్పకుండా బావ గురించి చెప్పడం నావల్ల కాదు.

ఇది పదేళ్ళ కిందటి మాట, అరవైల చివర. పగలు నాచారంలో ఒక చిన్న కార్ఖానాలో ప్రెస్సు మీద పని చేసేవాణ్ణి. సాయంత్రాలు, సెలవులు ఆర్కెస్ట్రాకు. పెళ్ళిళ్ళు, వినాయక మండపాలు, కాలనీ ఫంక్షన్లు. నాది హవాయన్ గిటారు. గిటారును వెల్లకిలా పడుకోబెట్టి, ఎడమ చేత్తో తీగల మీద ఉక్కు కడ్డీని జారుస్తూ, కుడి చేత్తో మీటే వాద్యం. స్వరం ఎంత దూరంలో ఉంటే ఎడమ చెయ్యి అంత దూరం పోవాలి. నా చెయ్యి పోయేది. జనం పాట పాడేవాళ్ళను వదిలేసి నా చేతి వైపు చూసేవాళ్ళు. అప్పట్లో నాకు కొంచెం పొగరు కూడా ఉండేది.

ఒక వానాకాలం సైకిల్ మీంచి పడ్డాను. ఎముక అతికింది కానీ వంకరగా అతికింది. మోచెయ్యి సగం మడిచిన దగ్గరే బిగుసుకుపోయింది. కడ్డీ పట్టుకుంటే జానెడు దూరం తప్ప అటూ ఇటూ జరగదు. ప్రెస్సు పని అక్కడితోనే పోయింది. ఇక మిగిలింది ఆర్కెస్ట్రాలో నా కుర్చీ ఒక్కటే. అది కూడా పోతే ఈ లోకంలో నేను ఎవరినో నాకే తెలియదు. ఆ భయంతో అన్నం సహించేది కాదు.

మా ఆర్కెస్ట్రాను నడిపేది హార్మోనియం మాస్టారు. మంచివాడే, కానీ మొహమాటం లేని మనిషి. "తమ్మీ, నీ మీద కోపమేం లేదు. పాట ఆగకుండ నడవాలె. కాలనీ ఫంక్షన్ దాక సూస్త. ఆ దినం నడిసిందా, కుర్చీ నీది. లేదంటే సికింద్రాబాద్ నుంచి ఇంకొకన్ని తెచ్చుకుంట" అన్నాడు. ఆయన్ని తిట్టుకోవడానికి కూడా నాకు సందు దొరకలేదు.

బావకు సంగీతం బొత్తిగా రాదు. ఆయన హారతి పాట అందుకుంటే అక్క వంటింట్లోంచే "నువ్వు మనసుల మొక్కుకో" అని అరిచేది. అలాంటి మనిషి తమ ఆఫీసుకు వచ్చే విదేశీ పత్రికలో ఒక బొమ్మ చూసి, లంచ్ టైములో ఎండలో సైకిల్ తొక్కుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. బల్లలా నాలుగు కాళ్ళ మీద నిలబెట్టిన గిటారు. కింద పెడళ్ళు, మోకాళ్ళ దగ్గర మీటలు. "సూడు బామ్మర్దీ. పెడల్ తొక్కితే తీగ బిగుస్తది, స్వరం మారుతది. నీ చెయ్యి పోవుడు అవసరం లేదు, స్వరమే నీ చెయ్యి కాడికి వస్తది" అన్నాడు. నేను నమ్మలేదు. నమ్మకపోయినా, ఆ రోజు రాత్రి చాలా నెలల తర్వాత రెండోసారి అన్నం అడిగి పెట్టించుకున్నాను.

బావ స్నేహితుడొకాయనకు నాచారంలో లేతు మిషను షెడ్డు ఉండేది. అందులో ఆ గిటారు తయారైంది. పాత సైకిళ్ళ బ్రేకు కడ్డీలే మాకు సామాను. హ్యాండిల్ దగ్గర నొక్కితే చక్రం దగ్గర పట్టుకునే ఆ ఇనుప కడ్డీలను పెడల్ నుంచి తీగ దాకా బిగించాం. మూడు పెడళ్ళు, మోకాళ్ళకు నాలుగు మీటలు. మొదటి వారం తొక్కినప్పుడల్లా తీగ తెగి ముఖం మీదికి లేచేది. బావ కళ్ళద్దాల మీద పడ్డ గీత చివరిదాకా అలాగే ఉంది.

దాని లెక్క ఉప్పల్‌లో అక్క వాళ్ళింటి గచ్చు మీద సుద్దముక్కతో జరిగింది. "ఒక్కొక్క దానికి నొక్కుడు, నొక్కకపోవుడు, రెండే. ఏడున్నయి. రెండును ఏడు మాట్ల హెచ్చెయ్యి" అన్నాడు బావ.

"నూట ఇరవై ఎనిమిది!" అన్నాను. ఒక్క జానెడు జాగాలో అన్ని రకాల మోతలా! నాకు ఒళ్ళు పులకరించింది.

"జర ఆగు. సంబురపడకు. కాయితానికి కాళ్ళుండయి, నీకుంటయి. కూసో కుర్చీల." కూర్చున్నాను. నా మోకాలు పట్టుకుని అటూ ఇటూ ఊపాడు. "ఈ మోకాలు ఎడమకన్న పోతది, కుడికన్న పోతది, లేకుంటె నడుమ ఉంటది. ఒక్కసారే రెండు దిక్కుల పోతదా? పోదు. అంటే మూడు. రెండో మోకాలికి మూడు. మూడు మూళ్ళు తొమ్మిది. కుడి పాదం సౌండు పెంచే పెడల్ మీద ఉండాలె, దాన్ని ఇడిసెయ్యి. ఇగ ఎడమ పాదం. ఏదీ తొక్కక పోవచ్చు, ఒక్కొక్కటి తొక్కొచ్చు, పక్కపక్కన ఉన్న రెంటిని కలిపి తొక్కొచ్చు. మొదటిది, మూడోది కలిపి తొక్కలేవు, నడుమది అడ్డమొస్తది. మొత్తం ఆరు. ఆరు తొమ్ములు?"

"యాభై నాలుగు."

"గదీ. నీ ఒంటికి దక్కేటియి యాభై నాలుగు."

వంటింట్లోంచి అక్క, "మరి కడుమయి యాడ వాయె?" అంది.

"మనిషికి ఇంకో కాలుంటె దొరుకుతుండే" అన్నాడు బావ.

యాభై నాలుగులో నాకు ప్రాణం రెండింటి మీదే ఉంది. ఏ పెడలూ తొక్కకపోతే వచ్చేది ఎలాగూ పాటకు ఇల్లులాంటి మోత. మొదటిది, నడిమిది కలిపి తొక్కితే పాట ఇల్లు దాటి బయటికి పోయే మోత. నడిమిది, మూడోది కలిపితే మళ్ళీ ఇంటికి రమ్మని పిలిచే మోత. సినిమా పాటైనా, మంగళహారతైనా ఈ రెండూ లేకుండా నాలుగడుగులు నడవదు. రెండు నెలలు షెడ్డులో సాధన చేశాను. లేతు నుంచి రాలిన ఇనుప రజను నేలంతా ఉండేది కాబట్టి బూట్లు విప్పే మాటే లేదు. నాకు బూట్లు లేకపోతే బావ తన పాత జత ఇచ్చాడు. "ఒక్కసారి ఇంట్లకు తెచ్చి వాయించున్రి, నేను గూడ ఇంట" అని అక్క ఎన్నిసార్లు అడిగిందో! "బరువు, మోసుడు కష్టం" అని బావ కొట్టిపారేశాడు. ఆ ఒక్క మాట వినుంటే ఈ కథ లేదు.

ఫంక్షన్ నాచారంలోనే, బడి ఆవరణలో. స్టేజి మీద తెల్ల దుప్పటి పరిచారు. ఒక మూల సరస్వతీదేవి పటం, దీపం. అప్పటికి ఒక పాట అయిపోయింది, రెండోది నడుస్తోంది. మూడోది నాది. సికింద్రాబాద్ గిటారాయన ముందు వరసలో కూర్చుని ఉన్నాడు, కేసు ఒళ్ళో పెట్టుకుని. మాస్టారే పిలిపించాడు, అవసరం పడితే ఉంటాడని. నేను మెట్టెక్కబోతే కాలనీ పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"బాబూ, దీపం ముట్టిచ్చినం. మీద చదువులతల్లి పటముంది. బూట్లు కింద ఇడువు."

నేను వంగి విప్పాను. విప్పుతుంటే తప్పనిపించలేదు. గుడిలో, ఇంట్లో, ఎక్కడైనా విప్పేదే కదా. పరదా వెనక నుంచి వెళ్ళి కుర్చీలో కూర్చుని పెడళ్ళ మీద కాలు పెట్టాక తెలిసింది. బావ పెడళ్ళ మధ్య దూరం బూటు వెడల్పుకు కొలిచి బిగించాడు. ఉత్త పాదం రెండింటికి అందడం లేదు. ఒకటి తొక్కితే రెండోదాన్నుంచి జారి సందులో పడుతోంది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ జారింది.

"బావా" అన్నాను. స్టేజి వెనక కింద నిలబడి వైర్లు సర్దుతున్న బావ నా కాలు వైపు చూశాడు. చూసి, ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు.

జేబులోంచి కర్ర స్కేలు తీసి నా పాదం కింద అడ్డంగా పెట్టి రుమాలుతో కట్టాడు. తొక్కగానే జారిపోయింది. ఇంకా గట్టిగా కట్టాడు. ఈసారి టప్పుమని విరిగింది. దేవి పటం ముందు మళ్ళీ బూట్లు తొడగడానికి మనసొప్పలేదు, పెడళ్ళు ఊడదీసి దగ్గరికి జరపాలంటే సగం రోజు పని. అవతల రెండో పాట చివరి చరణంలోకి వచ్చేసింది. బావ అరచేతి మీద వేలితో ఏదో గీసుకుంటున్నాడు. "ఆరు గాదు, నాలుగు. నాలుగు తొమ్ములు ముప్పై ఆరు..."

"ముప్పై ఆరుల నాకు గావాల్సిన రెండు లెవ్వు బావా!" అన్నాను. "కాయితానికి కాళ్ళుండయంటివి. నీ లెక్కకే బూట్లున్నయి."

జీవితంలో ఆయన్ని నేనన్న పెద్ద మాట అదే. బావ నేల మీద చతికిలబడి బూట్ల తాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు. రోజూ అంత నెమ్మదిగా తొడిగే మనిషి, ముడి రాకపోతే గుంజి తెంపాడు. ఇస్త్రీ ప్యాంటుతో నా గిటారు కిందికి పాకాడు. ముందు వైపు ఆర్కెస్ట్రా పేరు రాసిన గుడ్డ వేలాడుతోంది కాబట్టి జనానికి కనబడదు.

"నువ్వు ఒకటి తొక్కు. నడిమిది నేను చేత్తో నొక్కుత" అన్నాడు కింద నుంచి. మళ్ళీ తనే, "నాకు సుర్తి గిట్ల తెల్వదు గద. ఎప్పుడు నొక్కాల్నో ఎట్ల ఎరుకైతది?"

"నా బొటనేలు సూడు. లేపితే నొక్కు. దించితే ఇడువు."

బూటుంటే ఆ వేలు కనబడేదే కాదు. ఈ సంగతి చాలా రోజుల తర్వాత తలచుకుని ఇద్దరం నవ్వుకున్నాం. అప్పుడు మాత్రం నవ్వే స్థితిలో లేం. మాస్టారు అవతల నుంచి తల ఊపాడు. పాట మొదలైంది.

మొదటిసారి వేలు లేపాను. కింద కడ్డీ కదిలింది, తీగ బిగుసుకుంది, మోత సరిగ్గా వచ్చి పడింది. వేలు దించాను, వదిలాడు. మళ్ళీ లేపాను, నొక్కాడు. పల్లవి దాటింది. కళ్ళు తీగల మీద, ప్రాణమంతా కాలి బొటనవేలి మీద. చరణం మధ్యలో ఒకసారి బావ ఆలస్యంగా నొక్కాడు. మాస్టారి తల ఇటు తిరిగింది. ముందు వరసలో సికింద్రాబాద్ ఆయన కేసు గొళ్ళెం ఒకటి తీశాడు. రెండోది కూడా తీస్తాడేమోనని చూస్తూనే వాయించాను. బావ నుదుటి చెమట నా పాదం మీద పడుతోంది. కింద గాలి లేదు, దోమలు.

చివరి పంక్తి వచ్చింది. నా పాదం మొదటి పెడల్ మీద ఉంది. వేలు లేపాను. చెమటకు బావ చెయ్యి జారి నడిమిది వదిలేసి మూడోదాని మీద పడింది.

మొదటిది, మూడోది కలిశాయి. ఒక మనిషికి సాధ్యం కాదని ఆయనే గచ్చు మీద కొట్టేసిన మోత. అది ఇల్లూ కాదు, బయటా కాదు. గడప మీద ఒక కాలు ఎత్తి ఆగిపోయినట్టు ఉంది. పాడుతున్నావిడ ఉలిక్కిపడి స్వరాన్ని అలాగే పట్టి నిలబెట్టింది. తప్పు నొక్కానని బావకు తెలిసిపోయింది కాబోలు, భయానికి వదలడం కూడా మరిచిపోయాడు. నేనూ కాలు తియ్యలేదు. బడి ఆవరణంతా చడీచప్పుడు లేదు. చివరికి నేను వేలు దించాను. కింద చెయ్యి వదిలింది. నేనూ కాలు తీశాను. పాట ఇంటికి చేరింది. చప్పట్లు మోగాయి.

మాస్టారు దగ్గరికి వచ్చి, "ఆఖర్ల ఏం వాయించినవ్ తమ్మీ? మస్తుగుంది. కుర్చీ నీదే" అన్నాడు. సికింద్రాబాద్ ఆయన వచ్చి, ఆ మోత ఎలా తీశారని మర్యాదగా అడిగాడు. అంతలో గుడ్డ పక్కకు జరిపి మా బావ బయటికి పాకాడు, జుట్టంతా సాలెగూడుతో. కాలనీ పెద్దాయన అదిరిపడి, "ఎవరు నువ్వు?" అన్నాడు.

"కరెంటు సూడనీకె వచ్చిన" అన్నాడు బావ, ఉత్త కాళ్ళతో లేచి నిలబడుతూ.

ఆ రోజు ఇద్దరం సైకిళ్ళు నడిపించుకుంటూ ఉప్పల్ దాకా పోయాం. నేనన్న మాటకు ఏమైనా అంటాడని చూశాను. ఆయన ధ్యాస వేరే దాని మీద ఉంది. "లెక్క తప్పితే మల్ల జెయ్యొచ్చు బామ్మర్దీ. లెక్కనే జెయ్యకుంటె ఏం దిద్దుతవ్?" అన్నాడు. ఇంకొంత దూరం పోయాక, "నీ ఒక్కనికి యాభై నాలుగు. నా చేతులు గలిపితే డెబ్బై రెండు. పద్దెనిమిది ఎక్కువ" అన్నాడు. ఆ ముఖంలో సంతోషం నేను మళ్ళీ ఆయనకు మొదటి బిడ్డ పుట్టినప్పుడే చూశాను.

తర్వాత పెడళ్ళను ఉత్త పాదానికి సరిపోయేలా దగ్గరికి జరిపించాం. నేను ఒక్కణ్ణే హాయిగా వాయించుకున్నాను. ఆ కుర్చీ ఇప్పటికీ నాదే, నా పిల్లలు దాని మీదే పెరుగుతున్నారు. కానీ ఆదివారం వచ్చిందంటే బావ నాచారం వచ్చేవాడు. వాకిట్లో బూట్లు విడిచి, నేల మీద పక్కకు ఒరిగి, మూడో పెడల్ మీద చెయ్యి వేసి, "ఊఁ, ఆ పద్దెనిమిదిల ఒకటి గొట్టు" అనేవాడు. శ్రుతి తెలియని మనిషి ఆ ఒక్క మోతను మాత్రం గుర్తుపట్టేవాడు. నేను వేలు లేపేవాణ్ణి. విని, తృప్తిగా లేచి, చాయ్ తాగి వెళ్ళిపోయేవాడు. ఒకసారి నేను, "బావా, ఒక కడ్డీ అడ్డంగ బిగిస్తే అది గూడ నేనే కొట్టుకుంట గద" అన్నాను. బావకు అది అరగంట పని. "ఐతది" అన్నాడు. "మరి నేనెందుకు రావాలె ఐతారం ఐతారం?" అన్నాడు. ఆ కడ్డీ బిగించనే లేదు.

దినాలయ్యాక, ఆనవాయితీ ప్రకారం అక్కను నిద్రకు మా ఇంటికి తీసుకొచ్చాను. మర్నాడు ఐతారం. పొద్దున అక్క గిటారు దగ్గర చాలాసేపు నిలబడింది. "ఇయ్యాల వాయించవా తమ్మీ?" అంది. నాకు చేతకాదన్నాను. "ఒక్కసారి. ఆయన గా మోత ఇనొచ్చి నాకు సెప్తుండె. సెప్పుడు రాకపోతుండె."

గుడ్డ తీసి కూర్చున్నాను. కాలు మొదటి పెడల్ మీద పెట్టాను. అంతకంటే ముందుకు పోలేక తల వంచుకుని ఏడ్చాను. అక్క కొంగు నడుముకు చెక్కుకుని, బావ ఒరిగే చోటే నేల మీద కూర్చుంది.

"ఏది నొక్కుతుండె?"

"మూడోది."

చెయ్యి వేసింది. "ఎప్పుడు నొక్కాల్నో నాకెట్ల తెలుస్తది?"

నేను బొటనవేలు లేపాను. అక్క నొక్కింది. తీగలు మీటాను. ఆ మోత వచ్చి ఇంటి నిండా నిలబడింది. అక్క నా వేలి వైపే చూస్తోంది. నేను వేలు దించలేదు. అక్క చెయ్యి తియ్యలేదు.